థీవరీ కార్పొరేషన్ "సౌదాదే": బీటు తగ్గించి బోసా నోవా ఎత్తుకున్న ఆల్బమ్ మీద చర్చ

పంటకాలువ (అమలాపురం):

థీవరీ కార్పొరేషన్ అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది మత్తుగా నడిచే బీటు, లోతైన బేస్, మధ్యలో సితార్, వెనకాల ఎకో. ఎరిక్ హిల్టన్, రాబ్ గార్జా అని ఇద్దరు 1995లో వాషింగ్టన్‌లో ఎయిటీన్త్ స్ట్రీట్ లౌంజ్ అనే క్లబ్బు దగ్గర కలిసి మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. 2000లో "ద మిర్రర్ కాన్‌స్పిరసీ", 2002లో "ద రిచెస్ట్ మ్యాన్ ఇన్ బాబిలన్" వచ్చాక లౌంజ్ సంగీతం (తీరిగ్గా కూర్చుని వినే మెత్తటి పాటలు) అంటే వీళ్ళే అన్నంత పేరొచ్చింది.

ఇంత పేరున్నవాళ్ళు 2014లో "సౌదాదే" చేశారు. డబ్ (బేస్, ఎకో నిండిన జమైకా సంగీతం), హిప్‌హాప్, సితార్ అన్నీ పక్కన పెట్టేసి బోసా నోవా ఎత్తుకున్నారు. సాంబాని మెత్తబరిచి గిటార్ మీద పాడే బ్రెజిల్ సంగీతం అది. నైలాన్ తీగల గిటార్, మెత్తటి డ్రమ్స్, ఆడగొంతులు, పోర్చుగీసు, ఫ్రెంచ్, స్పానిష్ మాటలు. విడుదలై ఏళ్ళు గడిచినా మన వైపు విన్నవాళ్ళు తక్కువ. అందుకే దీన్ని కొత్త ఆల్బమ్ లాగే తీసుకుని మాట్లాడుకుందామని ఈ చర్చ పెట్టాను.

నా మాట ముందే చెప్పేస్తాను. వీళ్ళ రికార్డుల్లో అన్నిటికంటే ధైర్యంగా చేసినది ఇదే. ఎలక్ట్రానిక్ బ్యాండ్‌కి మెషీనే ఆస్తి. దాన్ని వెనక్కి నెట్టి, పాట నడకని గిటార్‌కి అప్పగించడం చిన్న విషయం కాదు. పైగా ఈ ఇద్దరికీ మొదట్లో స్నేహం కుదిరిందే బ్రెజిల్ పాటల మీది ఇష్టంతో. అంటే ఇది కొత్త వేషం కాదు, మొదటి ప్రేమ దగ్గరికి వెళ్ళడం. మీరంతా ఏమంటారు?

క్యాసెట్‌కొట్టు (భీమవరం):

నేను ఒప్పుకోను అబ్బాయ్. ఆల్బమ్ బాగుందా అంటే బాగుంది. కానీ థీవరీ కార్పొరేషన్ కావాలని కొనుక్కున్నవాడికి థీవరీ కార్పొరేషన్ దొరకాలి కదా. ఆ బేస్ ఏది? స్నేర్ డ్రమ్ము మీద దెబ్బ పడి ఎకో నాలుగు మూలలా తిరిగి రావడం ఏది? అది జమైకా నుంచి నేర్చుకున్న విద్య, దాన్ని వాళ్ళు తమదిగా చేసుకున్నారు. "సౌదాదే"లో అది తీసేస్తే మిగిలింది 1960ల నాటి బోసా నోవాకి మంచి నకలు. నకలు ఎంత బాగున్నా, 1964లో వచ్చిన అమెరికా సాక్సోఫోన్ వాద్యకారుడు స్టాన్ గెట్జ్, బ్రెజిల్ గాయకుడు జువావ్ గిల్బెర్టోల రికార్డు నా దగ్గర ఉండగా ఇది ఎందుకు వినాలి?

2017లో ఇదే బ్యాండ్ జమైకాలోని పోర్ట్ ఆంటోనియోకి వెళ్ళి "ద టెంపుల్ ఆఫ్ ఐ అండ్ ఐ" చేసుకొచ్చింది. అందులో ఆ బేస్ మళ్ళీ వచ్చింది. వాళ్ళకే తెలుసు తమ బలం ఎక్కడుందో.

కీబోర్డ్‌రాజోలు:

పంటకాలువ గారూ, నేను పెళ్ళిళ్ళకి ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాను. మాకు బోసా నోవా అంటే ఒక బటన్. నిజంగానే అండి. ఏ కీబోర్డ్ తీసుకున్నా రిథమ్ లిస్టులో బోసా నోవా, రుంబా, చాచా, సాంబా, బిగిన్ వరసగా ఉంటాయి. రిసెప్షన్‌లో నెమ్మదైన మెలోడీ పాట అడిగితే, డ్రమ్మర్ రాకపోతే, బోసా నోవా నొక్కేస్తాం. ఘంటసాల గారి పాటకైనా, ఇళయరాజా గారి పాటకైనా అదే నడిపిస్తాం. చర్చిలో క్రిస్మస్ పాటలకి కూడా చాలాచోట్ల అదే బటన్.

ఇన్నేళ్ళు ఆ బటన్ నొక్కి, ఈ ఆల్బమ్ విన్నాక నాకు అర్థమైంది ఏంటంటే, మా బటన్‌లో టిక్ టిక్ మనే దెబ్బలన్నీ ఒకే బరువుతో పడతాయి. రెండు బార్లు (తాళం ముక్కలు) అయ్యాక మళ్ళీ అవే రెండు బార్లు. ఈ ఆల్బమ్‌లో డ్రమ్మర్ పుల్లతో స్నేర్ అంచు మీద కొడుతుంటే ఒక దెబ్బ గట్టిగా, ఇంకోటి ఉందా లేదా అన్నట్టు పడుతోంది. పాడే అమ్మాయి మాట సాగదీసినచోట అతను కూడా ఒక వెంట్రుకవాసి ఆగుతున్నాడు. అదే లెక్క, అదే పాటర్న్, కానీ ప్రాణం ఉంది. క్యాసెట్‌కొట్టు బాబాయ్ గారు నకలు అంటున్నారు. నకలు అంటే మా బటన్ అండి, ఇది కాదు.

పంటకాలువ (అమలాపురం):

మీరు చెప్పిన ఆ అంచు దెబ్బే నాకూ పట్టుకుంది. మాస్టారు ఎవరైనా ఆ లెక్క విప్పి చెబితే బాగుంటుంది. నేను చెవితో వింటాను గానీ తాళం లెక్క కట్టలేను.

తాళంమాస్టారు (మండపేట):

నేను మృదంగం నేర్పుతాను. లాటిన్ సంగీతం నాకు పుట్టినింటి విద్య కాదు, కానీ లెక్క లెక్కే కాబట్టి చెప్తాను. చేతిలో పని పక్కన పెట్టి బల్ల మీద చెయ్యి వేయండి.

క్యూబా పాటలకి వెన్నెముక లాంటిది ఒకటుంది, క్లావే అంటారు. రెండు కర్రముక్కలు ఒకదాని మీద ఒకటి కొట్టి వాయిస్తారు. పదహారు మాత్రల ఆవృతంలో, అంటే తాళం ఒక చుట్టులో, అయిదే దెబ్బలు. మన జతుల్లో చెప్పాలంటే

తకిట తకిట తకధిమి తక తకధిమి

అంటే 3, 3, 4, 2, 4. కలిపితే పదహారు. ప్రతి ముక్కలో మొదటి అక్షరం మీద మాత్రమే దెబ్బ వేయండి, మిగతావి నోట్లో అనుకోండి. ఇది సన్ క్లావే. మాంబో, చాచాచా రెండూ ఈ కుటుంబంలోవే.

ఇప్పుడు బోసా నోవా. అదే పదహారు, అవే అయిదు దెబ్బలు. చివర్లో ఒక్క మాత్ర అటునుంచి ఇటు జరుగుతుంది.

తకిట తకిట తకధిమి తకిట తకిట

3, 3, 4, 3, 3. అంతే తేడా. నాలుగో ముక్కలో తక ఉన్నచోట తకిట వచ్చింది, అయిదో ముక్కలో ఒక మాత్ర తగ్గింది. అంటే చివరి దెబ్బ ఒక్క మాత్ర ఆలస్యంగా పడుతుంది. వాయించి చూడండి. మొదటిది కాలు కదిలిస్తుంది. రెండోది కదలబోయి నిలబెడుతుంది. ఒక్క మాత్రతో అంత మార్పు. నా శిష్యులకి ఇది నేర్పిస్తే చిన్నపిల్లలు కూడా మొదటి రోజే పట్టేశారు, ఎందుకంటే తిశ్రం, చతురశ్రం కలిపి అల్లడం వాళ్ళకి అలవాటే.

ఇక గిటార్ సంగతి. జువావ్ గిల్బెర్టో 1958లో చేసిన పని ఏమిటంటే, సాంబా బృందం మొత్తాన్ని ఒక గిటార్‌లో ఇమిడ్చాడు. బొటనవేలు పెద్ద డ్రమ్ములాగా నిదానంగా బేస్ తీగ మీద నడుస్తుంది. మిగతా మూడు వేళ్ళు ఎదురు మాత్రల మీద శ్రుతి గుచ్ఛాలు (కార్డ్స్) లాగుతాయి. రెండు చేతులతో వాయించే మృదంగంలో ఎడమ తొప్పి ఒక నడక, కుడి వలంతల ఇంకో అల్లిక ఉన్నట్టే. మీరు "సౌదాదే" వింటున్నప్పుడు ముందు ఆ బొటనవేలిని వెతకండి. అది దొరికితే మిగతా పాటంతా దాని మీద ఎలా కూర్చుందో తెలుస్తుంది.

తణుకుకుర్రాడు:

మాస్టారూ, బస్సులో కూర్చుని ఒడిలో బ్యాగు మీద కొట్టి చూశాను. పక్కనాయన చూస్తున్నాడు గానీ వచ్చేసింది! చివర్లో ఆ ఆలస్యం భలే ఉంది.

ఒక డౌట్. నాకు లౌంజ్ పాటలన్నీ ఒకేలా వినపడతాయి. చదువుకునేటప్పుడు పెట్టుకుంటాను, ఏది ఎప్పుడు అయిపోయిందో కూడా తెలీదు. "సౌదాదే" కూడా మొదటిసారి అలాగే వెళ్ళిపోయింది. శ్రద్ధగా వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

యానాంగట్టు:

తమ్ముడూ, గొంతుల దగ్గర మొదలుపెట్టు. ఈ ఆల్బమ్‌లో ఒక్కరు కాదు పాడేది. లూలూ గెలిచ్‌ఖానీ, ఎలిన్ మెల్గారెజో, కరీనా జెవియానీ, నటాలియా క్లావియర్, షానా హాలిగన్. జెవియానీది బ్రెజిల్, క్లావియర్‌ది అర్జెంటీనా. ఒకే రకం వాద్యాల మీద అయిదు గొంతులు ఎలా వేరువేరుగా నిలబడ్డాయో గమనిస్తే పాటలు విడివిడిగా తెలుస్తాయి. లూలూ ఫ్రెంచ్‌లో పాడినప్పుడు మాట చివర గాలిలో వదిలేస్తుంది. జెవియానీ పోర్చుగీసులో పాడినప్పుడు మాట ముక్కులోకి వెళ్ళి గుండ్రంగా తిరిగొస్తుంది. భాష అర్థం కావాల్సిన పని లేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళకి ఫ్రెంచ్ వచ్చు కాబట్టి నేను ఆ పాటలకి కాస్త ఎక్కువ దగ్గరయ్యాను, అంతే.

పనిలో పనిగా నా ఇష్టం ఒకటి చెప్పాలి. లాటిన్, ఎలక్ట్రానిక్ కలిసిన రికార్డుల్లో నాకు అన్నిటికంటే పైనుండేది పారిస్ బ్యాండ్ గోటాన్ ప్రాజెక్ట్ 2001లో చేసిన "లా రెవాంచా దెల్ టాంగో". అందులో బాండోనియాన్ ఉంటుంది. తిత్తి ఊపితే గాలి ఉక్కు రీడ్ల మీద నుంచి వెళ్ళి పలికే వాద్యం. మన పౌరాణిక నాటకాల్లో హార్మోనియం ఎలా పలుకుతుందో అదీ అలాగే. రెండూ యూరప్‌లో పుట్టాయి, రెండూ పరాయి దేశాలకి వెళ్ళి అక్కడి సొంతబిడ్డలైపోయాయి. జర్మనీ బాండోనియాన్ బ్యూనస్ ఎయిర్స్ చేరి టాంగోకి గొంతు అయింది. హార్మోనియం మన పద్యానికి తోడు నిలిచింది. నాటకాల్లో పద్యం ఎత్తుకునే ముందు హార్మోనిస్టు ఒక స్వరం పట్టి ఊపిరి నింపుతాడు చూడండి, గోటాన్ ప్రాజెక్ట్‌లో కంప్యూటర్ బీటు మొదలయ్యే ముందు బాండోనియాన్ అలాగే ఊపిరి తీసుకుంటుంది. నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

క్యాసెట్‌కొట్టు (భీమవరం):

యానాం అమ్మాయ్, గోటాన్ ప్రాజెక్ట్ పేరెత్తి నా వాదనకే బలమిచ్చావు తల్లీ. అందులో మెషీనూ ఉంది, టాంగో కూడా ఉంది. బీటు బరువుగా నడుస్తుంది, దాని మీద బాండోనియాన్ ఏడుస్తుంది. రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి కాబట్టే ఆ రికార్డు నిలిచింది. "సౌదాదే"లో ఎదురు నిలబడేది ఏదీ లేదు. అంతా మెత్తన.

ఇంకొకటి. లాటిన్ మనకి కొత్త కాదు. 1950లు, 60ల నుంచే మన సినిమా క్లబ్ పాటల్లో బొంగోలు, మరకాస్‌లు, అకార్డియన్, ట్రంపెట్ మోగుతూనే ఉన్నాయి. ఎల్.ఆర్. ఈశ్వరి గారి గొంతు ఆ తాళాల మీద ఎలా ఎగిరేదో నా వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు. హవానాలో ఎన్రికే హొరిన్ చాచాచా కట్టింది 1950ల మొదట్లో. కొన్నేళ్ళకే అది మద్రాసు స్టూడియోల్లోకి వచ్చేసింది. అప్పట్లో ఇంటర్నెట్ లేదు, గ్రామఫోన్ రికార్డులు, ఓడల్లో వచ్చిన మనుషులు, హోటళ్ళలో వాయించిన బ్యాండ్లు మోసుకొచ్చాయి. అందుకని బ్రెజిల్ తాళం వినగానే మనం ఆశ్చర్యపోనక్కర్లేదు అంటాను.

డిండిపడవ:

అందరికీ నమస్కారం. నేను డిండి దగ్గర హౌస్‌బోట్‌ల మీద పని చేస్తాను. సాయంత్రం అతిథులకి పాటలు పెట్టేది నేనే. బేస్ గురించి క్యాసెట్‌కొట్టు గారు అంటున్నది విన్నాక నా అనుభవం చెప్పాలనిపించింది.

పడవ మీద ఇంజనో జనరేటరో ఎప్పుడూ ఏదో ఒకటి ఆడుతూ ఉంటుంది. దాని ఘోష అంతా కింది స్థాయిలోనే. పైన డెక్ మీద గోడలు లేవు, కాబట్టి స్పీకర్ బేస్ తగిలి తిరిగి రావడానికి ఏమీ లేదు, నీళ్ళ మీదుగా పోతుంది. మొదట్లో నేను థీవరీ కార్పొరేషన్ పాత ఆల్బమ్‌లే పెట్టేవాణ్ణి. కింద బేస్ ఇంజన్‌లో కలిసిపోయి, పైన హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని తాళాల జత) మాత్రం చెవిలో గుచ్చేది. వాల్యూమ్ పెంచితే అతిథులు తగ్గించమనేవారు, తగ్గిస్తే పాటే లేదు.

"సౌదాదే" పెట్టిన రోజు సౌండ్ ఏమీ పెంచలేదు. గిటార్, గొంతు, ఆ అంచు దెబ్బ మూడూ మధ్య స్థాయిలో ఉంటాయి కాబట్టి ఇంజన్ ఘోష పైనుంచి స్పష్టంగా వచ్చేశాయి. చించినాడ బ్రిడ్జి వైపు వెళ్తుండగా పెద్దావిడ ఒకరు వచ్చి, ఈ పాడే అమ్మాయి ఎవరు బాబూ అని అడిగారు. ఆవిడకి ఇంగ్లీషు పాటలు అలవాటు లేదు. నెమ్మదిగా చెవి దగ్గర పాడుతున్నట్టుంది అన్నారు.

మెత్తన అన్నది లోపం కాదేమో అండి. ఎక్కడ వింటున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

క్యాసెట్‌కొట్టు (భీమవరం):

ఈ మాట బాగుంది. నా హాల్లో పన్నెండంగుళాల స్పీకర్ల ముందు కూర్చుని వినేవాడికి, నది మీద వినేవాడికి ఒకే రికార్డు నచ్చాలని లేదు. అయినా నా అభిప్రాయం మారలేదు.

సౌండ్‌రావులపాలెం:

నాది సౌండ్ సిస్టమ్ పని. డిండి తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. ఒక స్థాయిలో గట్టి శబ్దం నిరంతరంగా ఉంటే అదే స్థాయిలో ఉన్న చిన్న శబ్దాన్ని చెవి పట్టుకోలేదు. ఊరేగింపులో జనరేటర్ బండి పక్కనే ఉంటే మేమూ అందుకే బేస్ మీద ఆశ వదులుకుని గొంతుని పైకి తీసుకొస్తాం.

రెట్రో గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను అందుకుంటాను. పాత సౌండ్ అంటే పాత పాట పెట్టడం కాదు. 1950లలో స్టీరియో కొత్తగా వచ్చినప్పుడు మెక్సికో నుంచి వచ్చిన ఎస్కివెల్ అనే ఆయన ఒక వాద్యాన్ని ఎడమ స్పీకర్ నుంచి కుడి స్పీకర్‌కి పరిగెత్తించేవాడు. మార్టిన్ డెనీ, లెస్ బాక్స్‌టర్ లాంటివాళ్ళు వైబ్రఫోన్, బొంగోలు పెట్టి దీవుల వాతావరణం కట్టేవాళ్ళు. అవన్నీ తర్వాత పాత సామాన్ల కొట్లలో రూపాయికి దొరికే రికార్డులైపోయాయి. 1990ల మధ్యలో వాటి మీద మళ్ళీ మోజు పుట్టింది. క్యాపిటల్ రికార్డ్స్ 1996 నుంచి "అల్ట్రా-లౌంజ్" పేరుతో సీడీలు వరసగా దింపింది. థీవరీ కార్పొరేషన్ పుట్టింది సరిగ్గా ఆ గాలిలోనే. కాకపోతే మిగతావాళ్ళు శాంప్లర్ అనే మెషీన్‌లో పాత రికార్డు ముక్క కోసి పెట్టుకున్నప్పుడు, ఆ ముక్కతో పాటు పాత గది, పాత మైకు, సూది గరగర అన్నీ ఉచితంగా వచ్చేవి.

కొత్తగా వాయించి పాత రంగు తేవడం దానికంటే చాలా కష్టం. డ్రమ్స్‌కి మైకులు తగ్గించాలి. ప్రతి డ్రమ్ముకీ ఒక మైకు పెడితే అన్నీ కడిగిన గిన్నెల్లా మెరుస్తాయి, పాత రికార్డులో అలా ఉండదు. పై స్థాయి తళుకు కొంచెం కోయాలి. ప్లేట్ రివర్బ్ (లోహపు రేకు కంపనంతో తెచ్చే గది మోత) వాడాలి, గొంతు దాని వెనకాల కాకుండా ముందుండాలి. అన్నిటికంటే ముఖ్యం వాయించేవాళ్ళు ఒకరినొకరు వింటూ వాయించాలి. "సౌదాదే"లో నాకు నచ్చింది ఇదే. శాంపిల్ అరువు తెచ్చుకోకుండా సొంతంగా వాయించి ఆ గదిని కట్టారు. క్యాసెట్‌కొట్టు గారూ, మీకు నకలుగా వినపడేది నాకు పనితనంగా వినపడుతోంది.

తణుకుకుర్రాడు:

అక్కా, మీరు చెప్పినట్టు గొంతుల మీద పెట్టి విన్నాను. ఇప్పుడు పాటలు విడిపోయాయి. థాంక్స్.

కానీ ఇంకో ప్రశ్న. అమెరికాలో ఇద్దరు కూర్చుని బ్రెజిల్ పాట చేస్తే బ్రెజిల్ వాళ్ళకి ఎలా ఉంటుంది? మన కూచిపూడినో బుర్రకథనో బయటివాళ్ళు పైపైన వాడేస్తే మనకి కోపం వస్తుంది కదా.

యానాంగట్టు:

చాలా మంచి ప్రశ్న తమ్ముడూ, దీని మీద నేను బాగా ఆలోచించాను. నా దృష్టిలో చూడాల్సినవి రెండు. పాడినవాళ్ళ పేరు బయట ఉందా, ఆ సంగీతం దగ్గరికి వెళ్ళడానికి ఎంత కష్టపడ్డారు.

జర్మనీ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ఊవె ష్మిట్ 1990లలో చిలీ రాజధాని శాంటియాగోకి వెళ్ళి కాపురం పెట్టాడు. సెన్యోర్ కొకొనట్ అనే పేరుతో 2000లో జర్మనీ ఎలక్ట్రానిక్ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ పాటల్ని చాచాచా, మెరెంగే, కుంబియా తాళాల్లోకి మార్చాడు. వింటే పెద్ద ఆర్కెస్ట్రా వాయిస్తున్నట్టుంటుంది, చాలావరకు కంప్యూటర్‌లో కూర్చినదే. ఇంగ్లండ్‌కి చెందిన క్వాంటిక్, అసలు పేరు విల్ హాలండ్, 2007లో కొలంబియాలోని కాలీకి మారిపోయి అక్కడి పెద్ద వాద్యగాళ్ళతో కలిసి రికార్డులు చేశాడు. ఇద్దరూ అక్కడ బతికి చేశారు.

ఇంకొకరు సూబా. సెర్బియా నుంచి సావో పాలో వెళ్ళి స్థిరపడ్డాడు. జువావ్ గిల్బెర్టో కూతురు బెబెల్ గిల్బెర్టో "తాంతో తెంపో" ఆల్బమ్‌కి ఆయన నిర్మాత. 1999 నవంబరులో స్టూడియోలో మంటలు చెలరేగి చనిపోయాడు. ఆల్బమ్ 2000లో వచ్చి బోసా నోవాని ఎలక్ట్రానిక్ తరానికి చేర్చింది. అది వింటున్నప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు. పరాయివాడు అని ఆయన్ని ఎవరనగలరు?

థీవరీ కార్పొరేషన్ ఆ స్థాయిలో అక్కడికి వెళ్ళి బతకలేదు. కానీ పాడేవాళ్ళని పేరుతో ముందు నిలబెట్టారు, తాళాన్ని పైపూతగా వాడకుండా పాట మొత్తాన్ని దాని మీద కట్టారు. అంతవరకు నాకు అభ్యంతరం లేదు.

తాళంమాస్టారు (మండపేట):

అమ్మాయ్ చెప్పిన ఆఖరి మాట గట్టిగా పట్టుకోండి. పైపూతా, పునాదా అన్నదే పరీక్ష. నేను చూసే పద్ధతి ఒకటి చెప్తాను. పాటలో క్లావే తీసేసి ఊహించుకోండి. మిగతా పాట నిలబడిపోతే తాళం అలంకారమే. కూలిపోతే పునాది. హోటళ్ళలో వినపడే లౌంజ్ పాటల్లో ఎక్కువ భాగం మొదటి రకం. నాలుగు మాత్రల డిస్కో దెబ్బ మీద బొంగో చల్లుతారు. "సౌదాదే"లో నేను విన్నంతవరకు రెండో రకమే ఎక్కువ.

పాలకొల్లువీధి:

ఇంత చర్చ జరుగుతోంది, మా ఊరి మాట రాలేదే అని చూస్తున్నాను. ఎలక్ట్రానిక్, సంప్రదాయం కలిస్తే ఎలా ఉండాలో మన డెల్టా మనిషే చూపించాడు. మాండొలిన్ యు. శ్రీనివాస్ గారు 1969లో పాలకొల్లులో పుట్టారు. ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం అంటే మొదట్లో నమ్మినవాళ్ళు తక్కువ. 1983లో చిన్న వయసులోనే బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ బృందం రిమెంబర్ శక్తిలో చేరారు.

నేను చెప్పదలచుకున్నది 1995లో కెనడా సంగీతకారుడు మైఖేల్ బ్రూక్‌తో కలిసి రియల్ వరల్డ్ లేబుల్‌కి చేసిన "డ్రీమ్" గురించి. అది ఈ లౌంజ్ సంగీతానికి దగ్గరి చుట్టమే. వెనకాల మబ్బుల్లా పరుచుకునే గిటార్, ఎలక్ట్రానిక్ ధ్వనులు, వాటి మీద మాండొలిన్. అక్కడ శ్రీనివాస్ గారు తన గమకాన్ని ఒక్క చోట కూడా తగ్గించలేదు. బీటుకి సరిపోవాలని స్వరాన్ని చదును చేయలేదు. మెషీనే ఆయన చుట్టూ సర్దుకుంది. సౌదాదే వచ్చిన 2014లోనే సెప్టెంబరులో ఆయన వెళ్ళిపోయారు, నలభై అయిదేళ్ళకే. మా వీధిలో ఆ రోజు ఎవరింట్లోనూ టీవీ ఆగలేదు.

క్యాసెట్‌కొట్టు బాబాయ్ గారూ, మీరు అడుగుతున్న ఎదురు నిలబడటం "డ్రీమ్"లో దొరుకుతుంది. పంటకాలువ గారు అడుగుతున్న మెషీన్ వెనక్కి తగ్గడం కూడా అందులోనే ఉంది.

క్యాసెట్‌కొట్టు (భీమవరం):

"డ్రీమ్" నా కొట్లో ఉండేది నాయనా. అడిగినవాళ్ళకే ఇచ్చేవాణ్ణి. దాని మీద నీతో నాకు పేచీ లేదు.

అలాంటప్పుడు 1982లో చరణ్‌జిత్ సింగ్ చేసిన రాగాల డిస్కో రికార్డు కూడా వినండి. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే మనిషి, రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషీన్ టీఆర్-808, బేస్ మెషీన్ టీబీ-303, సింథసైజర్ జూపిటర్-8 ముందు పెట్టుకుని పది రాగాలు వాయించాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. చాలా ఏళ్ళ తర్వాత యూరప్‌వాళ్ళు తవ్వి తీసి నెత్తిన పెట్టుకున్నారు. అక్కడ మెషీన్ కొంచెం కూడా దాక్కోదు, రాగమూ దాక్కోదు. నాకు కావాల్సింది అది.

పంటకాలువ (అమలాపురం):

ఇన్ని రికార్డుల పేర్లు ఒక్క చోట వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. బాబాయ్ గారూ, గోటాన్ ప్రాజెక్ట్, "డ్రీమ్", చరణ్‌జిత్ సింగ్, మీరు మెచ్చుకున్న ఈ మూడూ మెషీన్, సంప్రదాయం తలపడేవి. నేను "సౌదాదే"ని ప్రేమించేది వేరే కారణానికి. ఇరవయ్యేళ్ళు పాటలు మిక్స్ చేసిన చెవి ఏది తీసేయాలో తెలుసుకుంది. ఎక్కడ నిశ్శబ్దం వదలాలో, కీబోర్డ్ ఒక్క స్వరం పలికి ఎక్కడ తప్పుకోవాలో అంతా ఎలక్ట్రానిక్ సంగీతం నేర్పిన క్రమశిక్షణే. మెషీన్ లేదని మీరంటున్నారు. వాయించేవాళ్ళ మధ్య ఖాళీల్లో అది ఉందని నా నమ్మకం.

కీబోర్డ్‌రాజోలు:

మాస్టారూ, మీ జతులు మా ప్యాడ్స్ వాయించే తమ్ముడికి నేర్పించాను. నిన్న సఖినేటిపల్లి దగ్గర రిసెప్షన్‌లో బటన్ నొక్కలేదు. అతను ప్యాడ్ మీద అంచు దెబ్బ సౌండ్ పెట్టుకుని చేత్తో 3, 3, 4, 3, 3 వాయించాడు, తుంబా వాయించే ఆయన బొటనవేలి నడక పట్టుకున్నాడు, నేను ఎడమ చెయ్యి పూర్తిగా తీసేసి కుడి చేత్తో ఎదురు మాత్రల మీద శ్రుతులు మాత్రమే వేశాను. టెంపో 120లో పెట్టాం. పాట మన పాత మెలోడీయే. పాడే అమ్మాయి మొదటి చరణంలో కాస్త టెన్షన్ పడింది, ఎందుకంటే ఆమెకి ఆసరాగా ఉండే బాస్ డ్రమ్ దెబ్బ లేదు. రెండో చరణానికి వచ్చేసరికి ఆమే మాట వెనక్కి లాగి పాడటం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు.

ఒక్కచోట ఇబ్బంది వచ్చింది. పల్లవి మన పాటలో సగం ఆవృతం నుంచి ఎత్తుకుంటుంది. అక్కడ క్లావే పాటకి అడ్డం పడింది. ఏం చేయాలి?

తాళంమాస్టారు (మండపేట):

శభాష్. అది పొరపాటు కాదు, అక్కడ రెండు సగాలు తారుమారు చేయాలి. క్యూబావాళ్ళు కూడా అంతే చేస్తారు. మూడు దెబ్బల సగం ముందుంటే ఒక రకం, రెండు దెబ్బల సగం ముందుంటే ఇంకో రకం. పాట ఎత్తుగడ ఎటు మొగ్గితే అటు. నువ్వు చెప్పిన పల్లవికి రెండు దెబ్బల సగం ముందు పెట్టు.

పదహారుని ఎనిమిది, ఎనిమిదిగా విడగొట్టి రెండో ఎనిమిది నుంచి మొదలుపెట్టడమే. ఆ ఎనిమిదిలో దెబ్బలు మూడో మాత్ర మీద, ఆరో మాత్ర మీద పడతాయి, మొదటి మాత్ర ఖాళీ. ఆ ఖాళీలో అమ్మాయి ఊపిరి తీసుకుని పల్లవి ఎత్తుకుంటుంది. టెంపో 120 బాగానే ఉంది, మెలోడీ మరీ నెమ్మదిదైతే 112కి దింపు. ప్యాడ్స్ తమ్ముడిని ముందు నోటితో చెప్పమను, చెయ్యి తర్వాత.

కీబోర్డ్‌రాజోలు:

ఆయ్, అలాగే మాస్టారూ. ఆదివారం రావులపాలెంలో ఇంకో రిసెప్షన్ ఉంది, సౌండ్ మన రావులపాలెం అన్నగారిదే. అన్నా, ఆ రోజు ప్యాడ్స్‌లో బేస్ తగ్గించి, గొంతుకి ప్లేట్ రివర్బ్ పెట్టి చూద్దామా?

సౌండ్‌రావులపాలెం:

తప్పకుండా తమ్ముడూ. నాలుగింటికే వచ్చేయండి, జనం రాకముందు చెక్ చేసుకుందాం. జనరేటర్ బండి పందిరికి అవతలి వైపు పెట్టమని టెంట్ హౌస్ వాళ్ళకి చెప్పాను.